సహజ కాంతిలో పోర్ట్రెయిట్లు: చర్మఛాయ, కలర్ కాస్ట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆరుబయట, కిటికీ పక్కన, పెళ్ళి పందిట్లో మనుషుల ఫోటోలు తీసేవారికి పదేపదే ఎదురయ్యే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. మనిషి చర్మానికి స్వతహాగా ఉన్న రంగును ఈ పేజీ అంతటా ఛాయ అన్నాము. వెలుతురు వల్ల గానీ, చుట్టూ ఉన్న వస్తువుల వల్ల గానీ దాని మీద వచ్చి పడే పరాయి రంగును కాస్ట్ అన్నాము. దిద్దవలసినది కాస్ట్‌ను మాత్రమే. ఛాయను కూడా కాస్ట్‌గా భావించి దిద్దబోవడం వల్ల చెడిపోయిన ఫోటోలు మన ఆల్బమ్‌లలో కొల్లలుగా ఉన్నాయి.

కంటికి మామూలుగా కనిపించిన ముఖం ఫోటోలో నీలంగానో, ఆకుపచ్చగానో ఎందుకు వస్తుంది?

మన కన్ను, మెదడు కలిసి వెలుతురు రంగుకు ఎప్పటికప్పుడు సర్దుకుంటాయి. తెల్లకాగితాన్ని పాతకాలపు బల్బు కింద చూసినా, చెట్టు నీడలో చూసినా అది తెల్లకాగితంగానే తోస్తుంది. కెమెరా సెన్సర్‌కు ఆ సర్దుబాటు లేదు. దాని మీద పడిన కాంతిలో ఏ రంగు ఎంత ఉందో అంతే నమోదు చేసుకుంటుంది.

కాంతి రంగును కెల్విన్లలో చెబుతారు. కొవ్వొత్తి వెలుగు సుమారు 1900, పాత బల్బు 2800, మధ్యాహ్నపు ఎండ 5500, మబ్బు పట్టిన ఆకాశం 6500, నీలాకాశం కింద నీడ 7000 నుంచి 8000, ఒక్కోసారి ఇంకా పైన. సంఖ్య పెరిగేకొద్దీ కాంతి నీలం వైపు, తగ్గేకొద్దీ నారింజ వైపు జరుగుతుంది. గోడ మీదో, బండి మీదో కాస్త నీలం కొట్టినా ఎవరూ పట్టించుకోరు గానీ, ముఖం మీద కొడితే చూసినవారు వెంటనే 'ఒంట్లో బాగాలేదా' అని అడుగుతారు. మనుషుల ముఖాలను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాము కనుక ఆ విషయంలో మన చూపు చాలా నిక్కచ్చిగా ఉంటుంది.

నీడలో నిలబెట్టి తీస్తే ముఖాలు ఎందుకు పాలిపోయినట్లు వస్తాయి?

నీడలో నిలబడిన మనిషి మీద పడేది సూర్యుడి కాంతి కాదు, ఆకాశపు కాంతి. గాలిలోని అణువులు పొట్టి తరంగాలను ఎక్కువగా చెదరగొడతాయి. 450 నానోమీటర్ల నీలం, 650 నానోమీటర్ల ఎరుపు కంటే నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. ఆకాశం నీలంగా కనిపించేది ఇందుకే, నీడలో ముఖం నీలంగా మారేదీ ఇందుకే. కెమెరాలో వైట్ బ్యాలెన్స్‌ను (వెలుతురు ఏ రంగులో ఉందో కెమెరాకు చెప్పే సెట్టింగు; ఆ మేరకు అది ఎదురు రంగు కలుపుతుంది) నీడ గుర్తు మీద పెట్టడమో, 7000 కెల్విన్లకు అటూ ఇటూగా చేత్తో పెట్టడమో చేస్తే ఈ నీలం చాలావరకు పోతుంది.

నల్లని, చామనఛాయ చర్మాల విషయంలో మాత్రం ఇంకొక సంగతి ఉంది. చర్మం నుంచి వచ్చే కాంతి రెండు రకాలు. ఒకటి చర్మం లోపలికి వెళ్ళి, చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను, రక్తాన్ని తాకి, వాటి రంగు పులుముకుని తిరిగి వచ్చేది. రెండవది చర్మం పైపొర మీద, అక్కడి నూనె మీద, చెమట మీద పడి అద్దం మీద పడినట్లు నేరుగా తిరిగి వచ్చేది. దీనికి చర్మపు రంగు అంటదు, వెలుతురు రంగే ఉంటుంది. ముదురు చర్మంలో మొదటి రకం కాంతి తక్కువగా తిరిగి వస్తుంది కనుక రెండవది కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. నీడలో తీసిన నల్లని ముఖంలో నుదురు మీద, ముక్కు దూలం మీద, చెంప ఎముకల మీద నీలి మెరుపు తేలేది అందువల్లనే. కొబ్బరినూనె రాసి దువ్విన జుట్టు మీద కూడా అదే నీలం కనిపిస్తుంది. వైట్ బ్యాలెన్స్‌ను వెచ్చగా జరిపితే ఈ మెరుపు తగ్గేలోపు మిగతా చర్మం నారింజగా మారిపోతుంది. మెత్తని గుడ్డతో ముఖం అద్దించడం, పైన ఆకాశం కనబడని వసారాలోకి జరపడం, లేదా లెన్స్‌కు పోలరైజర్ (మెరుపును తగ్గించే ఫిల్టర్) తగిలించి తిప్పి చూడడం సరైన మార్గాలు. పోలరైజర్ ఒక స్టాప్‌కు పైగా (ఒక స్టాప్ అంటే కాంతి సగానికి తగ్గడం లేదా రెట్టింపు కావడం) కాంతిని మింగుతుందని గుర్తుంచుకోవాలి. ఇంకొక మాట: మెరుపును పూర్తిగా చంపకూడదు. ముదురు చర్మంలో ముఖపు ఒంపులను చూపించేది చాలావరకు ఆ మెరుపే.

పచ్చని పొలంలో, గడ్డి మీద, కొబ్బరితోటలో తీసినప్పుడు వచ్చే ఆకుపచ్చ కాస్ట్‌ను ఎలా తప్పించాలి?

అన్ని కాస్ట్‌లలోకీ ముఖానికి ఎక్కువ అపకారం చేసేది ఇదే. నారింజ కాస్ట్‌ను సాయంత్రమనుకుని, నీలం కాస్ట్‌ను తెల్లవారుజామనుకుని కన్ను సరిపెట్టుకుంటుంది. ఆకుపచ్చకు అలాంటి సాకు ఏదీ లేదు, అది అనారోగ్యంగానే కనిపిస్తుంది.

కోనసీమ తోటల్లో రెండు రకాలుగా ఆకుపచ్చ వచ్చి పడుతుంది. పైనుంచి ఆకుల గుండా వడకట్టిన వెలుతురు ఒకటి. కింద ఎండలో ఉన్న గడ్డి మీద పడి పైకి లేచే వెలుతురు ఒకటి. పైనుంచి వచ్చేది ముఖమంతటా ఇంచుమించు సమానంగా ఉంటుంది కనుక ఎడిటింగులో టింట్ స్లైడర్‌ను మెజెంటా (ఆకుపచ్చకు ఎదురైన ఊదా గులాబీ రంగు) వైపు కొద్దిగా జరిపితే సర్దుకుంటుంది. కింది నుంచి వచ్చేది గడ్డం కింద, ముక్కు కింద, కనురెప్పల కింది భాగంలో మాత్రమే పడుతుంది. దాన్ని తీసేయడానికి ఫోటో మొత్తాన్ని మెజెంటా వైపు జరిపితే నుదురు గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆ భాగాలకు మాత్రమే మాస్క్ గీసి దిద్దడం ఒక్కటే దారి. అది గంటల కొద్దీ పని.

కనుక అక్కడికక్కడే మార్గం చూసుకోవడం మేలు. మనిషి కాళ్ళ ముందు, ఫ్రేములో పడనంత దగ్గరగా ఒక తెల్లని దుప్పటి పరిస్తే చాలు, కింది నుంచి లేచే ఆకుపచ్చ స్థానంలో తెల్లని వెలుతురు వస్తుంది. సినిమా షూటింగుల్లో వాడే థర్మాకోల్ షీటు అంతకంటే బాగా పనిచేస్తుంది, ఖర్చూ తక్కువే. గడ్డి మీద కాకుండా గట్టు మీద, మట్టిదారి మీద నిలబెట్టినా సరిపోతుంది. ఎర్రమట్టి, ఇసుక ముఖానికి వెచ్చని వెలుతురును ఇస్తాయి, అది మన చర్మాలకు నప్పుతుంది. తెలంగాణ ఇళ్ళలో పరిచే తాండూరు నాపరాళ్ళ నేల కూడా ఎండ పడే వసారాలో పోర్ట్రెయిట్లకు చక్కగా అక్కరకు వస్తుంది, ఎందుకంటే దాని బూడిద రంగు ముఖానికి ఏ రంగూ అంటించదు.

వేసవిలో డాబాల మీద కట్టే ఆకుపచ్చ షేడ్ నెట్ కింద, నీలి టార్పాలిన్ కింద పోర్ట్రెయిట్ తీయకపోవడమే ఉత్తమం.

పెళ్ళి షామియానా కింద అందరి ముఖాలూ ఎర్రగానో, పసుపుగానో వస్తున్నాయి. ఏం చేయాలి?

ఇది మన ప్రాంతపు ఫోటోగ్రాఫర్లకు ప్రత్యేకంగా వచ్చే కష్టం. రంగు గుడ్డ గుండా దిగిన ఎండ, ఆ గుడ్డ రంగునే మోసుకొస్తుంది. ఎర్రని షామియానా దాదాపు ఎరుపును మాత్రమే లోపలికి వదులుతుంది, నీలాన్నీ ఆకుపచ్చనూ గుడ్డే మింగేస్తుంది. వైట్ బ్యాలెన్స్ అనేది ఉన్న రంగుల పాళ్ళను సరిచేసే సాధనం. అసలు సెన్సర్ దాకా రాని రంగును అది తెచ్చిపెట్టలేదు. బలవంతంగా జరిపితే నీలం చానల్‌లో (ఫైలులో నీలాన్ని నమోదు చేసే భాగంలో) ఉన్న కాస్త సమాచారం మచ్చలుమచ్చలుగా, గరుకుగా పైకి తేలుతుంది, చర్మం మైనపు బొమ్మలా తయారవుతుంది.

దీనికి తోడు పందిరి పక్కలు తెరిచి ఉంటాయి. జీలకర్ర బెల్లం సమయంలో పీటల మీద కూర్చున్న పెళ్ళికూతురిని దగ్గరగా గమనించండి. నడినెత్తి మీద, భుజాల మీద, ముక్కు దూలం మీద షామియానా ఎరుపు ఉంటుంది. బయటి వైపు తిరిగిన చెంప మీద మామూలు పగటి వెలుతురు, అందులోనూ నీడ వైపు నుంచి వచ్చే నీలం ఉంటుంది. గడ్డం కింద తన పట్టుచీర రంగు, జరీ అంచు దగ్గర చిన్న చిన్న పసుపు మెరుపులు ఉంటాయి. వెనక నిలబడిన మేనమామ చొక్కా రంగు చెవి పక్కన కనిపిస్తుంది. ఒక్క ముఖం మీద నాలుగు వెలుతురులు ఉన్నప్పుడు ఒక్క వైట్ బ్యాలెన్స్ నాలుగింటినీ దిద్దజాలదు.

ముహూర్తానికి ఎవరినీ జరపలేము కాబట్టి చేయగలిగినదంతా ముందే చేసుకోవాలి. పగటి పెళ్ళయితే డెకరేషన్ వారితో ముందు రోజే మాట్లాడి, పీటల మీద మాత్రమైనా తెల్లని లేదా లేత గోధుమరంగు గుడ్డ కట్టించమని అడగాలి. రంగు గుడ్డ ఇప్పటికే కట్టేసి ఉంటే దాని కింద మరొక పొరగా తెల్లగుడ్డ కట్టించినా రంగు కొంత పలుచబడుతుంది. పీటలను పందిరి నడిమధ్యలో కాక తెరిచి ఉన్న వైపుకు దగ్గరగా వేయిస్తే బయటి వెలుతురు గెలుస్తుంది. ఇవేవీ కుదరనప్పుడు ఎదురుగా ఫ్లాష్ వాడడంలో తప్పు లేదు. ముఖాలు సహజమైన రంగులో వస్తాయి, వెనక పందిరి తన ఎరుపుతో తాను ఉంటుంది, అది చూడడానికి ముచ్చటగానే ఉంటుంది.

మధుపర్కాలు కట్టుకున్న తరవాత తీసిన ఫోటోలలో ముఖాలు తేటగా రావడం చాలామంది గమనించే ఉంటారు. ఆ తెల్లని నూలు బట్టలే రిఫ్లెక్టర్లుగా పనిచేస్తాయి. దంపతులను పందిరి అంచుకు తెచ్చి విడిగా పోర్ట్రెయిట్లు తీయడానికి ఆ కాసేపటిని మించిన సమయం లేదు.

పసుపు రాసిన ముఖాన్ని ఎడిటింగులో ఎలా దిద్దాలి?

దిద్దకూడదు. మంగళస్నానం ఫోటోలలో పెళ్ళికూతురి ముఖం మీద ఉన్నది నిజంగా పసుపే, వెలుతురు తప్పు కాదు. దాన్ని కాస్ట్‌గా పొరబడి వైట్ బ్యాలెన్స్‌ను నీలం వైపు జరిపితే పసుపు ఎలాగూ పోదు సరికదా, కళ్ళలోని తెల్లదనం, పళ్ళు, గోడలు, చుట్టూ ఉన్నవారి ముఖాలు నీలమైపోతాయి. పసుపు రాయని చోటును, ఉదాహరణకు పక్కన నిలబడిన తల్లి చేతిని చూసి వైట్ బ్యాలెన్స్ నిర్ణయించాలి. చేతుల గోరింటాకుకూ ఇదే వర్తిస్తుంది.

ఆటో వైట్ బ్యాలెన్స్‌ను నమ్మవచ్చా?

కొంతవరకు. ఫ్రేములో రకరకాల రంగులు ఉన్నప్పుడు అది బాగానే పనిచేస్తుంది. ఒకే రంగు పెద్ద మేర ఆక్రమించినప్పుడు మాత్రం ఆ రంగును వెలుతురు తప్పిదంగా అనుమానించి ఎదురు దిశలో లాగుతుంది. పచ్చని వరిచేను నేపథ్యమైతే ముఖం మెజెంటా వైపు, ఇటుక గోడ నేపథ్యమైతే ముఖం నీలాకుపచ్చ వైపు వెళ్ళడం ఇలాగే జరుగుతుంది. పైగా ఒకే చోట, ఒకే వెలుతురులో తీసిన ఫోటోలు కూడా ఫ్రేము మారేకొద్దీ ఒక్కోటి ఒక్కో రంగులో వస్తాయి. ఆల్బమ్ పేజీలో పక్కపక్కన పెట్టినప్పుడు ఆ తేడా బయటపడుతుంది. వెలుతురు స్థిరంగా ఉన్నంతసేపూ కెల్విన్ సంఖ్యను చేత్తో పెట్టుకుంటే, అది కాస్త అటూ ఇటూ అయినా అన్నీ ఒకే తీరుగా ఉంటాయి కనుక తరవాత ఒక్కసారిగా సరిచేయవచ్చు.

గ్రే కార్డు (రంగు సరిచూసుకోవడానికి వాడే బూడిదరంగు అట్ట) లేకపోతే తెల్లచొక్కా మీదో, పంచె మీదో క్లిక్ చేసి వైట్ బ్యాలెన్స్ చేయవచ్చా?

చేయకపోవడమే మంచిది. నీలిమందు పెట్టి ఉతికిన పంచె మన కంటికి మల్లెపువ్వులా తెల్లగా కనిపిస్తుంది గానీ నిజానికి అందులో నీలం ఉంటుంది. ఈనాటి సబ్బుపొడులలో కలిపే మెరుపు రసాయనాలు ఎండలోని అతినీలలోహిత కిరణాలను పీల్చి నీలి వెలుగుగా బయటికి వదులుతాయి. అటువంటి బట్టను తెలుపుగా చూపించి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఐడ్రాపర్‌తో నొక్కితే, సాఫ్ట్‌వేర్ ఆ నీలాన్ని తీసివేసే ప్రయత్నంలో ముఖాలను పసుపు చేస్తుంది. కళ్ళలోని తెలుపూ, పళ్ళూ కూడా నమ్మదగినవి కావు. రెండింటిలోనూ ఎరుపో, పసుపో కొంత ఉంటుంది.

18 శాతం గ్రే కార్డు ధర ఎక్కువేమీ కాదు. దాన్ని పట్టుకునే పద్ధతి మాత్రం తెలుసుకోవాలి. కార్డును మనిషి ముఖం పక్కనే, ముఖం ఏ దిక్కుకు తిరిగి ఉందో ఆ దిక్కుకే తిప్పి పట్టించాలి. కార్డును ఆకాశం వైపు వంచితే నీలాన్ని, నేల వైపు వంచితే గడ్డి రంగును పట్టుకుంటుంది. ఫోటోగ్రాఫర్ నీడ దాని మీద పడకూడదు. చోటు మారినా, మబ్బు కమ్మినా మళ్ళీ ఒక ఫ్రేము తీసుకోవాలి.

సాయంత్రపు బంగారు ఎండను కూడా కాస్ట్‌గా భావించి తీసేయాలా?

అక్కర్లేదు. తీసేస్తే ఆ సమయంలో ఫోటో తీయడంలో అర్థమే ఉండదు. గ్రే కార్డును అక్షరాలా పాటిస్తే సూర్యాస్తమయం కాస్తా మధ్యాహ్నం మూడు గంటలవుతుంది. వెలుతురు 3500 కెల్విన్ల దగ్గర ఉంటే కెమెరాను 4500 నుంచి 5000 మధ్య పెట్టి, వెచ్చదనాన్ని కొంత నిలుపుకోవడం మంచి మధ్యేమార్గం. చామనఛాయకు ఈ ఎండ అందాన్ని ఇస్తుంది. అయితే నేరుగా ముఖం మీద పడినప్పుడు ఎరుపు చానల్ అన్నిటికంటే ముందు నిండిపోయి, నుదురు మీద, చెంపల మీద వివరం పోయి పసుపు పట్టీలు ఏర్పడతాయి. మామూలు హిస్టోగ్రాం (ఫోటోలో వెలుగు చీకట్లు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫు) దీన్ని చూపించదు. మూడు రంగుల హిస్టోగ్రాం చూసి ఎరుపు కుడి అంచును తాకకుండా ఎక్స్‌పోజర్ (సెన్సర్‌కు చేరే కాంతి మొత్తం) తగ్గించాలి.

మన అక్షాంశాల దగ్గర ఈ సమయం చాలా తక్కువ. హైదరాబాదు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి, రాత్రింబవళ్ళు సమానంగా ఉండే రోజుల్లో సూర్యుడు గంటకు 14 డిగ్రీల చొప్పున దిగిపోతాడు. ఆకాశంలో ఆరు డిగ్రీల ఎత్తు నుంచి అస్తమించడానికి 25 నిమిషాలు చాలు. లండన్‌లో అదే దూరం దిగడానికి 40 నిమిషాల దాకా పడుతుంది. విదేశీ వీడియోలు చూసి గంటసేపు బంగారు వెలుగు ఉంటుందనుకుని బయలుదేరితే మూడో చీర మార్చుకునేలోపు చీకటి పడుతుంది.

మిట్టమధ్యాహ్నం తప్పనిసరిగా తీయవలసి వస్తే?

మే 9 ప్రాంతంలో, మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలో హైదరాబాదులో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, నిలువు కర్రకు నీడ ఉండదు. ఆ ఎండలో కాంతి రంగు శుభ్రంగానే ఉంటుంది. చెడ్డది దాని దిశ. కళ్ళ గుంతల్లోకి సూర్యకాంతి చేరదు, అక్కడికి చేరేది నేల మీది నుంచి లేచిన రంగే. కనుక స్కిమ్మర్ (ఎండను మెత్తబరిచే పలుచని తెల్లగుడ్డ చట్రం) పట్టించడం, లేదా వసారాలోకి, గుమ్మం లోపలికి రెండడుగులు జరిపి బయటికి చూస్తున్నట్లు నిలబెట్టడం చేయాలి.

ఎక్స్‌పోజర్‌కూ చర్మఛాయకూ సంబంధం ఏమిటి?

చాలా ఉంది, పైగా రంగు సమస్యగా కనిపించేవాటిలో ఎన్నో నిజానికి ఎక్స్‌పోజర్ సమస్యలే. ఫోటోగ్రఫీలో 1976 నుంచి వాడుకలో ఉన్న 24 గడుల కలర్‌చెకర్ చార్టులో (రంగులు సరిచూసుకునే పట్టికలో) మొదటి గడి ముదురు చర్మానిది, రెండవది లేత చర్మానిది. ముదురు గడి తన మీద పడిన కాంతిలో సుమారు 10 శాతాన్ని, లేత గడి 35 శాతాన్ని తిప్పి పంపుతాయి. కెమెరా మీటరు మాత్రం ఎదుట ఏది ఉన్నా దాన్ని 18 శాతపు మధ్యస్థ బూడిదగా చూపించాలని చూస్తుంది. ముదురు ముఖం మీద స్పాట్ మీటర్ (ఒక్క చోటి కాంతినే కొలిచే మీటరు) పెడితే అది ముక్కాలు స్టాప్‌కు పైగా తెల్లబడుతుంది. లేత ముఖం మీద పెడితే ఒక స్టాప్ నల్లబడుతుంది.

పెళ్ళిళ్ళలో ఎక్కువగా జరిగేది దీనికి భిన్నం. నల్లని పెళ్ళికొడుకు తెల్లని పట్టుపంచె, ఉత్తరీయంతో ఉంటాడు. మీటరు ఆ తెలుపును చూసి బెదిరి ఎక్స్‌పోజర్ తగ్గిస్తుంది, ముఖం చీకట్లో పడుతుంది. దాన్ని తరవాత ఎడిటింగులో పైకి లేపితే చర్మం బూడిద పట్టినట్లు, కొన్నిచోట్ల ఆకుపచ్చ, మెజెంటా చుక్కలతో వస్తుంది. అప్పుడు అందరూ ఛాయను నిందిస్తారు. తప్పు ఛాయది కాదు, తక్కువ కాంతిలో నమోదైన ఫైలుది. ముఖానికి సరిపడా ఎక్స్‌పోజర్ ఇచ్చి, పంచెలోని మడతలు పూర్తిగా పోకుండా చూసుకుంటే చాలు.

ఒకే ఫ్రేములో తెల్లని మనిషి, నల్లని మనిషి పక్కపక్కన ఉంటే?

నల్లని వ్యక్తిని వెలుతురు వైపు నిలబెట్టండి. కిటికీకి దగ్గరగా ఉన్నవారికి ఎక్కువ కాంతి చేరుతుంది, కనుక ఎక్స్‌పోజర్ తేడా దానంతట అదే తగ్గుతుంది. ఇద్దరినీ ఒకే రంగుకు తీసుకురావాలని ఎడిటింగులో ప్రయత్నించవద్దు.

కిటికీ వెలుతురు ఉన్నా లోపల ట్యూబ్‌లైటు వెలుగుతుంటే సమస్యేనా?

సమస్యే. కిటికీ వైపు చెంప ఒక రంగులో, గది వైపు చెంప మరొక రంగులో వస్తాయి. స్విచ్ ఆపేయడమే పరిష్కారం. గది చీకటైనట్లు అనిపిస్తే ఐఎస్ఓ (తక్కువ కాంతిలోనూ ఫోటో వెలుగుగా వచ్చేలా చేసే సెట్టింగు) పెంచండి. దానివల్ల వచ్చే నాయిస్‌ను (గరుకు చుక్కలను) సాఫ్ట్‌వేర్ తగ్గించగలదు, రెండు వెలుతురుల గొడవను అంత తేలిగ్గా తీర్చలేదు. కిటికీ అద్దానికి రంగు ఫిల్మ్ అంటించి ఉందేమో, ఎదురింటి గోడకు ఏ రంగు వేశారో కూడా చూసుకోవాలి. గులాబీ రంగు వేసిన ఎదురు గోడ మీద ఎండ పడుతున్నంతసేపూ ఆ కిటికీ గులాబీ దీపమే.

ఎడిటింగులో ఛాయ సరిగ్గా ఉందో లేదో సంఖ్యలతో తెలుసుకోవచ్చా?

స్థూలంగా తెలుసుకోవచ్చు. ఏ దేశపు మనిషి చర్మమైనా, కాస్ట్ లేని వెలుతురులో ఎరుపు అన్నిటికంటే ఎక్కువగా, తరవాత ఆకుపచ్చ, చివర నీలం ఉంటాయి. కలర్‌చెకర్‌లోని ముదురు చర్మపు గడి విలువలు ఎస్‌ఆర్‌జీబీలో (స్క్రీన్లకు మామూలుగా వాడే రంగుల కొలతలో) ఎరుపు 115, ఆకుపచ్చ 82, నీలం 68. లేత చర్మపు గడివి 194, 150, 130. చూపుకు ఈ రెండూ ఎంతో దూరంగా ఉన్నా, లెక్కగడితే రెండింటి హ్యూ (రంగుల చక్రం మీద ఆ రంగు ఉన్న చోటు) 18, 19 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అంటే మనుషుల ఛాయల మధ్య తేడా ప్రధానంగా వెలుగు చీకట్లలో ఉంది, హ్యూలో ఉన్నది స్వల్పం. వీడియో ఎడిటర్లు వెక్టర్‌స్కోప్‌లో (వీడియోలోని రంగులను చక్రం మీద చూపే గ్రాఫులో) ఒకే ఒక్క స్కిన్‌టోన్ గీతను అందరి ముఖాలకూ వాడగలుగుతున్నది ఈ కారణంగానే.

చెంప మీద, మెరుపూ మేకప్పూ లేని చోట కర్సర్ పెట్టి చూడండి. నీలం పెరిగి ఆకుపచ్చతో సమానమైతే నీడ కాస్ట్ ఉన్నట్లు. ఆకుపచ్చ పెరిగి ఎరుపును తరుముతుంటే గడ్డి కాస్ట్ ఉన్నట్లు. నీలం మరీ అడుగంటి ఎరుపు ఆకాశాన్నంటితే ఎండ కాస్ట్ లేదా షామియానా. ముఖానికి ఫౌండేషన్ దట్టంగా ఉంటే ఈ కొలత మేకప్‌ను కొలుస్తుంది కనుక మెడ మీదో, ముంజేతి మీదో చూడాలి. అరచేయి పనికిరాదు, అది ఎవరికైనా లేతగానే ఉంటుంది.

స్లైడర్ విషయంలో ఒక జాగ్రత్త: 3000 నుంచి 3500కు జరిపితే వచ్చే మార్పు, 7000 నుంచి 7500కు జరిపితే వచ్చే మార్పు కంటే అయిదు రెట్లు ఎక్కువ. సాయంత్రపు ఫోటోలను దిద్దేటప్పుడు చేయి తేలికగా ఉండాలి.

రా ఫైలు (సెన్సర్ నమోదు చేసినదాన్ని మార్చకుండా దాచే ఫైలు) తప్పనిసరా?

కాస్ట్ ఉన్న చోట తప్పనిసరి అనే చెప్పాలి. రా ఫైలులో వైట్ బ్యాలెన్స్ ఒక సూచనగా మాత్రమే ఉంటుంది, ఎన్నిసార్లయినా మార్చవచ్చు. జేపెగ్‌లో అది ఫోటోలో కలిసిపోయి, చానల్‌కు 8 బిట్లకు కుదించబడి ఉంటుంది. కొద్దిపాటి దిద్దుబాటుకు ఓర్చుకుంటుంది, ఎక్కువకు ఓర్చుకోదు.

'ముఖం కొంచెం తెల్లగా చేయండి' అని అడిగితే ఏం చేయాలి?

ఈ కోరిక రాని స్టూడియో ఉండదు. ముందుగా, అడిగినవారు నిజంగా ఏం చూసి అడిగారో గమనించాలి. చాలాసార్లు వారికి నచ్చనిది ఛాయ కాదు. తక్కువ ఎక్స్‌పోజర్ వల్ల వచ్చిన బూడిదతనమో, నీడ నీలమో, గడ్డి ఆకుపచ్చో అయి ఉంటుంది. ఆ కాస్ట్ తీసి, ముఖం మీది వెలుగును అరస్టాప్ పెంచి, ఛాయను యథాతథంగా ఉంచి చూపిస్తే ఎక్కువమంది తృప్తిపడతారు. ఆ తరవాత కూడా పట్టుబట్టేవారికి, ముఖం తెల్లబరిస్తే చేతులకూ మెడకూ పొంతన కుదరదని చూపించవచ్చు. నా మట్టుకు, మనుమరాలు ముప్పై ఏళ్ళ తరవాత ఆల్బమ్ తెరిచి 'ఈమె మా అమ్మమ్మేనా' అని అడిగే ఫోటో ఇవ్వడం వృత్తిధర్మం కాదని నమ్ముతాను.

తెల్లని చర్మాన్నే కొలబద్దగా పెట్టుకోవడం మనతో మొదలైనదేమీ కాదు. కోడాక్ సంస్థ 1950ల నుంచి ప్రింటింగ్ ల్యాబ్‌లకు పంపిన నమూనా కార్డుల మీద ఉండేది తెల్లజాతి యువతి చిత్రమే. మొదటి మోడల్ పేరుతో వాటిని షర్లీ కార్డులనేవారు. ప్రింటు రంగులు ఆమె చర్మానికి సరిపోతే సరైనట్లు లెక్క. ముదురు గోధుమరంగులు సరిగ్గా రావడం లేదని చాక్లెట్ తయారీదారులు, కలప సామాను తయారీదారులు ఫిర్యాదు చేసిన తరవాతే ఆ దిశగా ఫిలిం మెరుగుపడిందని కోడాక్‌లో పనిచేసినవారే చెప్పారు. వివిధ జాతుల వారితో కార్డు వచ్చింది 1990లలో. 2022లో గూగుల్, హార్వర్డ్ సామాజిక శాస్త్రవేత్త ఎలిస్ మంక్ రూపొందించిన 10 ఛాయల కొలమానాన్ని విడుదల చేసింది. అంతకుముందు విరివిగా వాడిన ఫిట్జ్‌పాట్రిక్ కొలమానంలో ఉన్నవి 6 రకాలే, అదీ 1975లో చర్మం ఎండకు ఎలా స్పందిస్తుందో చెప్పడానికి తయారైనది.

ఫోన్‌తో తీసేవారు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

బ్యూటీ మోడ్‌ను పూర్తిగా ఆపేయాలి. కొన్ని ఫోన్లలో సెల్ఫీ కెమెరాకు అది మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, చర్మాన్ని నునుపు చేయడంతో ఆగక తెల్లబరుస్తుంది కూడా. ముఖం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. ప్రో మోడ్ ఉంటే కెల్విన్ సంఖ్యను స్వయంగా పెట్టుకోవచ్చు. ఇవి మూడూ చేసినా ఫోన్ తన సొంత తెలివితో ముఖాన్ని గుర్తించి వెలిగిస్తూనే ఉంటుంది, కనుక వెలుతురు ఉన్న చోటు వెతుక్కోవడమే ఫోన్ వాడేవారికి అసలైన సాధనం.

నలుపు తెలుపులోకి మార్చేస్తే కాస్ట్ సమస్య తీరిపోతుందా?

రంగు కనబడదు గానీ ప్రభావం మిగులుతుంది. మార్పిడిలో ఎరుపు చానల్‌కు ఎక్కువ పాలు ఇస్తే చర్మం తెల్లబడి మచ్చలు మాయమవుతాయి; నీలానికి ఇస్తే చర్మం నల్లబడి ప్రతి మచ్చా లేస్తుంది. కాబట్టి ముందు కాస్ట్ తీసి, ఆ తరవాతే మార్చాలి.

నా స్క్రీన్ మీద బాగున్న ఛాయ ప్రింటులో ఎందుకు మారిపోతోంది?

మొదట కంప్యూటర్‌లో నైట్ లైట్ ఆన్‌లో ఉందేమో చూడండి. అది స్క్రీన్‌ను పసుపు చేస్తుంది, మీరు తెలియకుండానే ఫోటోను నీలం వైపు దిద్దుతారు. స్క్రీన్ వెలుగు మరీ ఎక్కువగా ఉంటే ప్రింటు నల్లగా వస్తుంది. చీకటి గదిలో పూర్తి వెలుగుతో ఎడిటింగ్ చేసేవారికి ఇది తప్పదు. కాలిబ్రేటర్ (స్క్రీన్ రంగులను కొలిచి సరిచేసే పరికరం) కొనగలిగితే కొనండి, లేదా ఎవరిదైనా అడిగి తెచ్చి నెలకొకసారి సరిచూసుకోండి. ఫైలును ఎస్‌ఆర్‌జీబీలో పంపాలో, వేరే ప్రొఫైల్‌లో పంపాలో ల్యాబ్ వారినే అడగాలి.

ఆల్బమ్ మొత్తం పంపే ముందు నాలుగైదు ముఖాలను, వాటిలో ఒక ముదురు ఛాయ, ఒక చామనఛాయ, ఒక లేత ఛాయ ఉండేలా ఎంచుకుని, చిన్న సైజులో ప్రింటు తీయించండి. ఆ ప్రింటును ట్యూబ్‌లైటు కింద కాకుండా పగటిపూట కిటికీ దగ్గర పట్టుకుని చూడండి. మూడు ముఖాలూ ఒకే దిశలో తప్పితే స్క్రీన్‌నో, ల్యాబ్‌నో అనుమానించాలి. ఒక్క ముఖమే తప్పితే ఆ ఫోటోకు చేసిన ఎడిటింగును మళ్ళీ తెరిచి చూడాలి.